ఎల్క్ వేటకు హాట్ టెంట్: కాన్వాస్ వాల్ టెంటా, తేలికైన టిపీనా?

అమెరికాలో కొలరాడోలోనో మోంటానాలోనో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకు వెళ్ళేవాళ్ళు రోడ్డు పక్కనే ట్రక్కు ఆపి క్యాంపు వేసుకున్నంత కాలం టెంటు పెద్ద సమస్య కాదు. బరువెంతైనా ట్రక్కు మోస్తుంది. గుర్రాల మీదో, మ్యూల్స్ మీదో, అంటే కంచర గాడిదల మీదో, సామాను వేసుకుని పది పన్నెండు మైళ్ళు కొండల్లోకి వెళ్దామనుకున్నాకే ఇది కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం అవుతుంది. నిలువు గోడల కాన్వాస్ వాల్ టెంటు గుడ్డే అరవై పౌండ్లు తూగుతుంది, ఒంటికర్ర మీద నిలిచే తేలికైన టిపీ మొత్తం కలిపినా పది పౌండ్లు. రెండూ హాట్ టెంట్లే, అంటే లోపల కట్టెల పొయ్యి పెట్టుకోవచ్చు. రెండూ చవక కాదు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట దాదాపుగా ఆగిపోయింది కాబట్టి ఈ సామాను గురించి తెలుగులో రాసే అవసరం పెద్దగా పడలేదు. కానీ డెన్వర్, బోయిసీ, సియాటిల్ చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్ళలో లైసెన్సు తీసుకుని సీజన్‌కు కొండెక్కేవాళ్ళు నాకు తెలిసే కొందరున్నారు. వాళ్ళు ఏటా నన్నడిగే ప్రశ్న ఇదే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "ఏది ఎక్కువ వెచ్చగా ఉంటుంది?" అని మొదలుపెడితే ప్రతిసారీ పెద్ద కాన్వాస్ టెంటే గెలుస్తుంది. దాని బదులు, "తిరిగొచ్చే రోజున ఈ టెంటు ఏ జంతువు వీపు మీద వస్తుంది?" అని మొదలుపెట్టండి. ఆ రోజు టెంటు తడిసి ఉంటుంది. అదృష్టం బాగుంటే మాంసం కూడా ఉంటుంది. వెళ్ళేటప్పుడు సరిపోయిన లెక్క వచ్చేటప్పుడు సరిపోకపోతే ఇబ్బంది పడేది నోరులేని జంతువు.

పొయ్యి దేనికి?

రాత్రంతా వెచ్చగా పడుకోవడానికే పొయ్యి అని చాలామంది అనుకుంటారు. టెంటు గుడ్డ వేడిని పట్టి ఉంచదు. పొయ్యి ఆరిన కాసేపటికే లోపలా బయటా ఒకటే చలి. రాత్రి మిమ్మల్ని కాపాడేది స్లీపింగ్ బ్యాగు, కింద వేసుకునే ప్యాడ్. అవి ఆ చలికి తగ్గవి కాకపోతే ఏ టెంటు కొన్నా లాభం లేదు.

పొయ్యి చేసే అసలు మేలు తడి ఆరబెట్టడం. అక్టోబర్‌లో పదివేల అడుగుల ఎత్తున తడి మంచు పడే రోజు సాయంత్రం క్యాంపుకు చేరిన మనిషి సంగతి ఊహించుకోండి. తోలు బూట్లు లోపలి దాకా నానిపోయి ఉంటాయి. ప్యాంటు మోకాళ్ళ కింద గడ్డకట్టి రేకులా ఉంటుంది. చేతి తొడుగులు పిండితే నీళ్ళు కారతాయి. ఇవన్నీ రాత్రికి ఆరకపోతే తెల్లవారుజామున నాలుగింటికి అదే తడి బూట్లో కాలు పెట్టాలి. ఒక రోజు ఎలాగో ఓర్చుకుంటారు. మూడో రోజుకు క్యాంపు విడిచి ఇంటికి పోదామనిపిస్తుంది. పొయ్యి పక్కన తాడు కట్టి రెండు గంటలు బట్టలు ఆరేసుకోగలిగితే వారం రోజులు హాయిగా వేటాడొచ్చు. అందుకే పోలికలో నేను మొదట చూసేది, ఈ టెంటులో ఎంత తడి ఎంతసేపట్లో ఆరుతుంది, ఆ ఆవిరి ఎటు పోతుంది అన్నదే.

మ్యూల్ లెక్క

పని తెలిసిన మ్యూల్ మీదో గుర్రం మీదో వేసే సామాను మామూలుగా 150 పౌండ్లు. జంతువు గట్టిదై, దారి బాగుంటే ఇంకొంచెం వేస్తారు. ఆ బరువు రెండు ప్యానియర్లలో, అంటే జీనుకు రెండు పక్కలా వేలాడే పెట్టెల్లో, సరిసమానంగా ఉండాలి. కావడి మోసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒక పక్క ఐదారు పౌండ్లు ఎక్కువైతే చాలు, కొంత దూరం పోయేసరికి జీను అటువైపు జారడం మొదలవుతుంది. జారిన జీను కింద వీపు ఒరుసుకుపోతుంది. వీపు పుండు పడిన జంతువు మానేదాకా బరువు మోయకూడదు.

ఇప్పుడు నలుగురికి సరిపోయే 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉండే కాన్వాస్ వాల్ టెంటు తీసుకోండి. గుడ్డ 50 నుంచి 60 పౌండ్లు. లోపలి అల్యూమినియం ఫ్రేము ఇంచుమించు అంతే. ఉక్కు రేకు పొయ్యి, గొట్టాలతో కలిపి 30 నుంచి 40. పైన కప్పే ఫ్లై, కింద పరిచే పట్ట ఇంకో 15. అంటే తలదాచుకునే చోటు కోసమే ఒక మ్యూల్ నిండిపోయింది, ఇంకా కొంత మిగిలింది కూడా.

ఆ మ్యూల్ తిండి మాటేమిటి? వెయ్యి పౌండ్ల జంతువుకు రోజుకు 15 నుంచి 20 పౌండ్ల మేత కావాలి. సెప్టెంబర్‌లో కొండ మీద గడ్డి దొరుకుతుంది. నవంబర్‌లో మంచు కింద ఏమీ మిగలదు, మేత కూడా మోసుకెళ్ళాల్సిందే. నేషనల్ ఫారెస్టుల్లో కలుపు విత్తనాలు లేవని ధృవీకరించిన మేతే వాడాలన్న నిబంధన ఉంది, కాబట్టి ఇంట్లో ఉన్న గడ్డి మోపు తీసుకెళ్తే కుదరదు. టెంటు కోసం ఒక జంతువును అదనంగా చేర్చుకుంటే దాని మేత కోసం ఇంకో జంతువు మీద బరువు పెరుగుతుంది. ఈ సంగతి టెంటు కొనేటప్పుడు ఎవరికీ గుర్తురాదు.

ఇక మాంసం. బాగా ఎదిగిన మగ ఎల్క్‌ను ఎముకలు తీసేసి సర్దినా 200 పౌండ్ల చుట్టూ మాంసం వస్తుంది. ఎముకతో సహా నాలుగు ముక్కలుగా తెస్తే బరువు ఇంకా ఎక్కువ, పైన కొమ్ములు. ఒక ఎల్క్‌కు రెండు జంతువులు అనేది అనుభవం ఉన్నవాళ్ళు చెప్పే మోటు లెక్క. క్యాంపును లోపలికి మోసిన జంతువులే మాంసాన్నీ బయటికి మోయాలంటే రెండు విడతలు తిరగాలి. పన్నెండు మైళ్ళ దారిలో రెండు విడతలంటే రెండు మూడు రోజుల పని. వాతావరణం వెచ్చగా ఉంటే మాంసం అంత కాలం ఆగదు.

కాన్వాస్ వాల్ టెంటు

ఇంత చెప్పాక నేను దీనికి వ్యతిరేకిననుకుంటారేమో. లోపల ఉండటానికి దీన్ని మించింది లేదు. ఐదడుగుల నిలువు గోడలుంటాయి కాబట్టి మడత మంచం గోడ వారగా వేసుకోవచ్చు, ఎక్కడైనా నిలబడి ప్యాంటు తొడుక్కోవచ్చు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని తినొచ్చు. నూలు గుడ్డ గాలి పీలుస్తుంది కాబట్టి ఆరేసిన బట్టల ఆవిరి గుడ్డలోంచే బయటికి పోతుంది, పై నుంచి చుక్కలు కారడం తక్కువ. తడిసినప్పుడు నూలు ఉబ్బి నేత సందులు మూసుకుంటాయి కాబట్టి వాన లోపలికి రాదు. అయితే కొత్త గుడ్డను వాడే ముందే ఒకటి రెండుసార్లు బాగా తడిపి ఆరబెట్టాలి, కుట్టు రంధ్రాలు అప్పుడే మూసుకుంటాయి. డెన్వర్‌లో డేవిస్ టెంట్, మోంటానాలోని బెల్‌గ్రేడ్‌లో మోంటానా కాన్వాస్ లాంటి వాళ్ళు కుట్టిన టెంటును పొడిగా దాచుకుంటే ఏళ్ళ తరబడి వస్తుంది. నిప్పురవ్వ పడినా నూలు గుడ్డ నైలాన్‌లా వెంటనే కరిగి రంధ్రం పడదు. రంధ్రం పడ్డా సూదీ దారంతో అతుకు వేసుకోవచ్చు.

ఇబ్బందంతా ఫ్రేముతోనే. ఐదారడుగుల గొట్టాలు ప్యానియర్లో పట్టవు. పైన అడ్డంగా కట్టలేరు, జీను వెంబడి నిలువుగా రెండు పక్కలా కట్టాలి. సన్నటి దారిలో మలుపు తిరిగేటప్పుడు అవి చెట్టుకు తగులుతాయి, ఒకదానికొకటి కొట్టుకుని చప్పుడు చేస్తాయి. అలవాటు లేని మ్యూల్ ఆ చప్పుడుకే బెదిరి పరుగు తీస్తే వెనక తాడుకు కట్టిన జంతువులన్నీ చెదిరిపోతాయి. ఫ్రేము కొనాలనుకుంటే గొట్టాలను పొట్టి ముక్కలుగా చేసి ఇమ్మని తయారీదారును ముందే అడగండి. ముక్కకు ముక్క గట్టి గుడ్డలో చుట్టి, మధ్యలో బట్ట పెట్టి కట్టుకుంటే చప్పుడు ఉండదు.

పూర్వం ఫ్రేము మోసేవాళ్ళు కాదు, అక్కడే లాడ్జ్‌పోల్ పైన్ కర్రలు నరికి నిలబెట్టేవాళ్ళు. ఇప్పుడు చాలాచోట్ల పచ్చి చెట్టు నరకడానికి వీల్లేదు. పడిపోయిన ఎండు కర్రలు వాడుకోవచ్చు, కానీ తిన్నగా, తగినంత పొడవుగా ఉన్నవి దొరకాలి. చెట్లు పెరిగే ఎత్తు దాటి క్యాంపు వేస్తే అవీ ఉండవు. తెలిసిన చోటికే ఏటా వెళ్తూ, అక్కడ పాత కర్రలు చెట్టుకు ఆనించి ఉన్నాయని మీకు రూఢిగా తెలిస్తే ఫ్రేము బరువు మొత్తం ఇంట్లో వదిలెయ్యొచ్చు. అప్పుడు వాల్ టెంటు లెక్క చాలా మారిపోతుంది.

తడి సంగతి ఇంకోటి. రాత్రి మంచు పడి, పొయ్యి వేడికి కరిగి, తెల్లారేసరికి మళ్ళీ గడ్డకట్టిన కాన్వాస్‌ను మడత పెట్టి చూడండి. అది మడత పడదు. అట్టలా నిక్కబొడుచుకుని ఉంటుంది. మోకాళ్ళతో తొక్కి మడిచినా వెళ్ళేటప్పుడు ఉన్న కట్టకు ఒకటిన్నర రెట్లు అవుతుంది, తీసుకెళ్ళిన సంచిలో పట్టదు. బరువు ఇరవై పౌండ్ల పైనే పెరుగుతుంది, అదీ రెండు పక్కలా సమానంగా పెరగదు. కాబట్టి కాన్వాస్ ఎంచుకుంటే పైన పాలియెస్టర్ ఫ్లై తప్పనిసరి అంటాను. మంచు దాని మీద నుంచి జారిపోతుంది, రవ్వలు దాని మీదే పడతాయి, కాన్వాస్ పొడిగా ఉంటుంది. చివరి రోజున ఫ్లై తడిగా ఉన్నా దులిపి చుట్టెయ్యొచ్చు. ఇంటికి రాగానే టెంటును గ్యారేజీలో పరిచి పూర్తిగా ఆరబెట్టకపోతే వారంలో బూజు పట్టి వాసన వస్తుంది. ఆ బూజు మరకలు ఇక పోవు.

తేలికైన టిపీ

నడిమి కర్ర ఒక్కటే, చుట్టూ మేకులు, అడుగు లేని సిలికాన్ పూత నైలాన్ టెంటు. గ్రాండ్ జంక్షన్‌లో ఉన్న సీక్ ఔట్‌సైడ్, ఇంకా కిఫారు వీటికి బాగా పేరున్న తయారీదారులు. ఆలోచన కొత్తదేమీ కాదు. గ్రేట్ ప్లెయిన్స్ తెగల టిపీలను చూసి హెన్రీ హాప్కిన్స్ సిబ్లీ అనే అమెరికా సైనికాధికారి ఒంటికర్ర గుండ్రటి టెంటు తయారుచేసి 1856లో పేటెంటు తీసుకున్నాడు. అందులో పెట్టే శంఖాకారపు రేకు పొయ్యికీ అతని పేరే వచ్చింది. ఇప్పుడు మారింది గుడ్డ, లోహం.

ఎనిమిది మంది టిపీ కర్ర, మేకులతో కలిపి పది పౌండ్ల అటూ ఇటూ. మడతపెట్టే టైటానియం పొయ్యి మూడు నుంచి ఐదు పౌండ్లు. మొత్తం ఒక ప్యానియర్లో ఓ మూలకు సర్దుకుంటుంది. తిరిగొచ్చే రోజు తడిసినా గట్టిగా దులిపితే నీళ్ళు చాలావరకు పోతాయి. ఒక్క మనిషి పావుగంటలో వేసుకోవచ్చు. వాలు ఎక్కువ కాబట్టి మంచు నిలవదు, గాలి ఎటు నుంచి వచ్చినా పక్కగా జారిపోతుంది. ఎల్క్ మంద అవతలి లోయలోకి మారిపోతే క్యాంపు ఎత్తి వెంట వెళ్ళొచ్చు. వాల్ టెంటుతో ఆ పని చెయ్యాలని ఎవరికీ మనసొప్పదు.

ఎనిమిది మంది అన్న మాటను నమ్మకండి. పొయ్యి, జీన్లు, తడి బట్టలు, తుపాకులు అన్నీ లోపల పెట్టుకుంటే అందులో పట్టేది ముగ్గురు, సర్దుకుంటే నలుగురు. వాలు గోడల వల్ల అంచుల్లో స్థలం సామానుకే పనికొస్తుంది. మంచాలు వేసుకోవడం కష్టం.

అసలు బాధ చెమ్మ. నైలాన్ గాలి పీల్చదు. పొయ్యి మండుతున్నంతసేపూ లోపల ఎడారిలా పొడిగా ఉంటుంది, అప్పుడు బట్టలు చాలా త్వరగా ఆరతాయి. పొయ్యి ఆరగానే ముగ్గురి ఊపిరి, ఆరీ ఆరని బూట్ల ఆవిరి గోడకు చేరి మంచు పొరలా గడ్డకడుతుంది. పొద్దున్నే పొయ్యి రాజేస్తే అది కరిగి కారుతుంది. దీనికి మూడు మందులున్నాయి. పై వెంటిలేటర్ ఎప్పుడూ మూయకండి. లోపల రెండో పొరలా కట్టుకునే సగం లైనర్ గుడ్డ కొనండి, చుక్కలు దాని వెనక నుంచి నేలకు జారతాయి. బట్టలు ఆరకముందే పడుకునే అలవాటు మానుకుని, అవి పూర్తిగా ఆరేదాకా మంట ఉంచండి. ఇంకో సంగతి, నైలాన్ తడిసి చల్లబడితే సాగుతుంది. పడుకునే ముందు నడిమి కర్రను కాస్త పైకి లేపి బిగించుకోకపోతే అర్ధరాత్రికి గోడ ముఖం మీద వాలుతుంది. సాగే గుణం తక్కువ ఉన్న పాలియెస్టర్ గుడ్డతో చేసినవీ దొరుకుతున్నాయి. తడి ప్రాంతాలకు నేను వాటినే సూచిస్తాను.

నిప్పురవ్వ పడితే మాత్రం నైలాన్‌కు సన్నటి రంధ్రం ఖాయం. గొట్టం చివర రవ్వలు ఆపే జాలి పెట్టుకోవాలి, రెండు మూడు రోజులకోసారి దాన్ని తీసి మసి దులపాలి. మసి పట్టిన జాలి పొగను వెనక్కి టెంటులోకి తోస్తుంది.

మధ్యస్థంగా ఉండేవి

ఈ రెండింటికీ మధ్య కొన్నున్నాయి, చాలామందికి వాటి పేర్లే తెలియవు. విస్కాన్సిన్‌లో స్నోట్రెక్కర్ వాళ్ళు పలుచటి నూలు గుడ్డతో చేసే టెంట్లు నలుగురికి సరిపోయేవి కూడా కర్రలతో కలిపి 25 నుంచి 35 పౌండ్ల మధ్యే ఉంటాయి. మంచులో స్లెడ్జి లాక్కుంటూ తిరిగేవాళ్ళ కోసం పుట్టినవి కాబట్టి కర్రలు పొట్టిగా విడిపోతాయి, ప్యానియర్లో పడతాయి. నూలు సుఖం కావాలి, బరువు వద్దు అనేవాళ్ళకు ఇది నా మొదటి సూచన. మోంటానా కాన్వాస్ వాళ్ళు రీలైట్ అనే తేలికపాటి కృత్రిమ గుడ్డతో కూడా వాల్ టెంట్లు కుడతారు. అది నీళ్ళు పీల్చదు, బూజు పట్టదు, కానీ రవ్వలకు భయపడాలి. అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్‌లో తయారయ్యే ఆర్కిటిక్ ఓవెన్ రెండు పొరల టెంటు, అడుగు కూడా కుట్టి ఉంటుంది. చలికి అద్భుతం. చిన్న విమానాల్లో దిగి ఒకేచోట ఉండేవాళ్ళకు సరిపోయినంతగా రాకీ పర్వతాల్లో జంతువులతో తిరిగేవాళ్ళకు అది అవసరం లేదనుకుంటాను.

పొయ్యి విడిగా ఎంచుకోండి

టెంటు అమ్మేవాడు చూపించిన పొయ్యే కొనాలని లేదు. పొయ్యి గుణం తెలిస్తే టెంటు ఎంపిక కూడా తేలికవుతుంది.

టైటానియం పొయ్యి రేకు కాగితం మందాన ఉంటుంది. అగ్గిపుల్ల గీసిన ఐదు నిమిషాల్లో ఎర్రగా అవుతుంది, ఆరితే అంతే త్వరగా చల్లబడుతుంది. అరగంటకోసారి వేలి మందం, మణికట్టు మందం పుల్లలు అందిస్తూ కూర్చోవాలి. రాత్రంతా మండించాలన్న ఆశ పెట్టుకోవద్దు. దీని గొట్టం పలుచటి రేకుగా వస్తుంది, దాన్ని గొట్టంలా చుట్టి తొడిగేటప్పుడు అంచులు చేతిని కోస్తాయి, తోలు తొడుగులు వేసుకోండి. మొదటిసారి కాల్చినప్పుడు గొట్టం ఆకారం కుదురుతుంది, కాబట్టి ఇంటి పెరట్లోనే ఆ పని చేసుకుని వెళ్ళండి. గాలిలో, మొద్దుబారిన వేళ్ళతో మొదటిసారి చుట్టాలంటే ఓపిక చాలదు.

ఉక్కు పొయ్యిలో లావు మొద్దు పెట్టి గాలి తగ్గిస్తే గంటల తరబడి నిప్పు ఉంటుంది, తెల్లవారుజామున బూడిద కదిపితే ఇంకా నిప్పు కనిపిస్తుంది. పైన పెద్ద గిన్నెలో అన్నం వండుకోవచ్చు, పక్కన నీళ్ళు కాగుతుంటాయి. నికో వాళ్ళు జంతువుల మీద మోసేందుకే చేసిన ప్యాకర్ రకం పొయ్యిలు ప్యానియర్ కొలతకు సరిపోతాయి. ఏ పొయ్యి కొన్నా ముందు మీ ప్యానియర్ లోపలి పొడవు కొలవండి. ఒక్క అంగుళం ఎక్కువైనా దాన్ని పైన కట్టాలి, బరువు పైకి చేరితే లోడు ఊగుతుంది. రేకు మూల జంతువు డొక్కకు తగలకుండా గట్టి ప్లాస్టిక్ పెట్టెలో, చదునైన వైపు లోపలికి పెట్టి సర్దాలి.

కట్టెల సంగతీ మర్చిపోకండి. 1964 వైల్డర్‌నెస్ చట్టం కిందికొచ్చే అడవుల్లో మోటారు పనిముట్లు వాడకూడదు. చైన్‌సా ఇంట్లోనే వదలాలి, చేతి రంపమే గతి. ఉక్కు పొయ్యి వేడికి తగ్గట్టే కట్టెలు తింటుంది. వారానికి సరిపడా కట్టెలు చేతి రంపంతో కోయడానికి రోజుకు ఎంతసేపు పడుతుందో ఇంట్లో ఒక మధ్యాహ్నం కోసి చూసుకుంటే తెలుస్తుంది. వేసవి ఎండలు ముదిరిన ఏడాది సెప్టెంబర్‌లో కూడా నిప్పు మీద ఆంక్షలు ఉండొచ్చు. టెంటు పొయ్యికి అనుమతి ఉందో లేదో రేంజర్ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. బ్యాటరీతో పనిచేసే అలారం ఒకటి పడుకునే ఎత్తులో పెట్టుకోవాలి, ప్రయాణానికి ముందు కొత్త బ్యాటరీ వెయ్యాలి. ఏ టెంటైనా పైన ఒకటి, కింద ఒకటి గాలి సందులు తెరిచే ఉంచాలి. బొగ్గుల కుంపటి లోపలికి తేవద్దు. ఈ ఒక్క విషయంలో దయచేసి రాజీ పడకండి.

ఏ జంతువుకు ఏది?

లామాలతో వెళ్ళేవాళ్ళకు ఎంచుకునేందుకు పెద్దగా ఏమీ లేదు. మూడు నాలుగు వందల పౌండ్ల లామా మోసేది 60 నుంచి 75 పౌండ్లు. వాల్ టెంటు గుడ్డ ఒక్కటే దానికి నిండు బరువు, అదీ రెండు పక్కలకు పంచలేని ఒకే మూట. లామా అంటే టిపీయే. మేకలయితే ఎదిగిన పోతుకు 40, 50 పౌండ్లకు మించి వేయకూడదు, వాటికీ టిపీయే. మేకల నుంచి కొండ గొర్రెలకు ఊపిరితిత్తుల జబ్బు అంటుకునే ప్రమాదం ఉందని కొన్ని అడవుల్లో వాటిని రానివ్వరు, ముందే తెలుసుకోండి.

గుర్రాలు, మ్యూల్స్ ఉన్నవాళ్ళకే నిజమైన ఎంపిక. ఇద్దరు వేటగాళ్ళు, ఇద్దరికీ సవారీ గుర్రాలు, సామానుకు రెండు మ్యూల్స్ ఉంటే నేను టిపీయే చెప్తాను. ఎల్క్ పడితే ఆ రెండు మ్యూల్స్ మాంసంతో నిండిపోతాయి. టెంటు, పొయ్యి కలిపి పదిహేను పౌండ్లు ఎక్కడో ఒకచోట ఇరికించొచ్చు, కాన్వాస్‌ను ఇరికించలేరు. నలుగురు మనుషులు, ఐదారు సామాను జంతువులు, ఒకేచోట వారం పది రోజులు మకాం, అందులోనూ నవంబర్ సీజన్ అయితే వాల్ టెంటు దాని బరువుకు తగ్గ సుఖం ఇస్తుంది. నలుగురికి నాలుగు జంతువులే అయితే పలుచటి నూలు టెంటు దగ్గర ఆగండి. మోంటానాలో బాబ్ మార్షల్ అడవుల్లో కొన్ని వేట విభాగాలకు సెప్టెంబర్ 15నే రైఫిల్ సీజన్ మొదలవుతుంది. ఆ రోజుల్లో చలి తక్కువ, వాన ఎక్కువ, అక్కడ టిపీ చాలు. అక్కడ గుంపుకు 15 మంది, 35 జంతువులు మించకూడదన్న పరిమితి ఉంది కానీ మనలాంటి చిన్న గుంపులకు అది అడ్డు కాదు. గ్రిజ్లీ ఎలుగులున్న చోటు కాబట్టి తిండి, మాంసం నేల నుంచి 10 అడుగుల ఎత్తున, చెట్టు మానుకు 4 అడుగుల దూరంగా వేలాడదీయాలి, లేదా ఎలుగు తెరవలేని పెట్టెల్లో పెట్టాలి. అలాంటి చోట పడుకునే టెంటులో వంట చేయడం నాకిష్టం లేదు. పెద్ద టెంటులో వంటిల్లు కలిసొస్తుందన్న లాభం అక్కడ లాభమే కాదు.

టెంటు తాళ్ళ గురించి ఒక చిన్న జాగ్రత్త. వాల్ టెంటు తాళ్ళు రెండు పక్కలా చాలా దూరం పరుచుకుంటాయి. రాత్రి కట్టు విప్పుకున్న గుర్రం కాలు అందులో పడితే టెంటూ పోతుంది, గుర్రం కాలూ పోతుంది. జంతువులను కట్టే హైలైన్‌కు, అంటే చెట్ల మధ్య ఎత్తుగా కట్టిన తాడుకు, టెంటు జంతువుల చప్పుడు వినపడేంత దగ్గరగా, వాటి కాలికి తగలనంత దూరంగా ఉండాలి. అలాగే ఏ టెంటు కొన్నా ఇంటి దగ్గర జంతువుల ముందు ఒకసారి వేయండి. గాలికి టపటపలాడే నైలాన్ గుడ్డను మొదటిసారి చీకట్లో చూస్తే నెమ్మదైన మ్యూల్ కూడా తాడు తెంపుకుంటుంది.

కొనకుండానే వెళ్ళే దారి

మొదటిసారి వెళ్ళేవాళ్ళు, సొంత జంతువులు లేనివాళ్ళు ఏ టెంటూ కొనకండి. అనుమతి ఉన్న ఔట్‌ఫిట్టర్ (డబ్బు తీసుకుని వేట ఏర్పాట్లు చేసేవాళ్ళు) దగ్గర డ్రాప్ క్యాంప్ తీసుకోండి. వాళ్ళే జంతువుల మీద మిమ్మల్ని తీసుకెళ్ళి, వేసి ఉంచిన టెంటు, పొయ్యి చూపించి వస్తారు, మాంసం మోయడానికి మళ్ళీ వస్తారు. ఒక సీజన్ వాల్ టెంటులో ఉంటే మీకు ఏది కావాలో, ఏది అక్కర్లేదో తెలిసిపోతుంది. వయోమింగ్‌లో అయితే ఆ రాష్ట్రవాసి కానివాళ్ళు వైల్డర్‌నెస్ ప్రాంతంలో పెద్ద జంతువుల వేటకు గైడ్ లేకుండా వెళ్ళకూడదు. లైసెన్సున్న గైడో, ఆ రాష్ట్రం ఇచ్చే గైడ్ అనుమతి తీసుకున్న స్థానికుడో వెంట ఉండాలి. ఔట్‌ఫిట్టర్‌తో వెళ్తే టెంటు చాలావరకు వాళ్ళదే ఉంటుంది. హెచ్‌1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ ముట్టుకునే ముందు ఇంకో సంగతి చూసుకోవాలి. ఫెడరల్ చట్టం మామూలుగా దాన్ని నిషేధిస్తుంది, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది. లైసెన్సు తేదీ, పేరు అన్నీ సరిగా ఉన్నాయో లేదో లాయరుకు ఒకసారి చూపించుకోండి. కొలరాడోలో 1949 జనవరి 1 నాడు గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు లైసెన్సు కోసం హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేయాలి.

సొంతంగా కొనడానికే సిద్ధమైతే వసంతంలోనే ఆర్డర్ పెట్టండి. మంచి టెంట్లు కుట్టేవాళ్ళలో చాలామంది ఆర్డర్ వచ్చాకే గుడ్డ కోస్తారు, వేసవి చివరికి వాళ్ళ దగ్గర వరుస పెరిగిపోతుంది. పొయ్యి గొట్టం ఎన్ని అంగుళాలదో, ఏ పక్కన బయటికి రావాలో ఆర్డర్‌లోనే రాయించండి. టెంటు చేతికి రాగానే పెరట్లో వేసి, కాన్వాస్ అయితే తడిపి ఆరబెట్టి, నైలాన్ అయితే కుట్లకు సీలర్ పూసి, పొయ్యి వెలిగించి ఒక రాత్రి అందులో పడుకోండి. మర్నాడు దాన్ని తడిపి, తడిగానే మడిచి, మీ ప్యానియర్లో పెట్టి తూకం వెయ్యండి. ఆ అంకెను సామాను జాబితాలో రాసుకుని, మిగిలిన లోడంతా దాన్ని బట్టే సర్దండి.